ఇంటి వాడకానికి మించి

"ఎవరక్కడ నెట్ వాడుతున్నది? నేను మీటింగ్‌లో ఉన్నాను!"

ముందు గదిలోంచి ఈ కేక వచ్చేసరికి ఆమె దుప్పటి మడత పెడుతోంది. ఒక కొసని గడ్డం కింద అదిమిపట్టి, రెండు చేతులూ బార్లా చాపి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఎక్కడో ఇంకో ఊళ్ళో ఒక కుట్టు మిషను పడుతున్న బాధ వింటోంది. టకటకటకటక, టుక్. టకటకటకటక, టుక్. నాలుగు కుట్లు శుభ్రంగా పడతాయి, అయిదోది దాటేస్తుంది. ఎందుకు దాటేస్తోందో ఇంకో నిమిషం వింటే దొరికిపోయేదే. ఈలోగా ఈ కేక.

ఆ ఇంట్లో నలుగురున్నారు. కానీ ఆ కేక ఎవరిని ఉద్దేశించి వేసిందో ఎవరికీ అనుమానం లేదు. అత్తగారు టీవీ గొంతు రవ్వంత కూడా తగ్గించలేదు. కూతురు కాలేజీకి వెళ్ళింది. మిగిలింది తనే. "ఆపేశానండీ!" అని అరిచి, అవతలి మనిషికి మాత్రం మెల్లిగా, "ఓ గంటాగి మళ్ళీ వినిపించమ్మా, ఇక్కడ కొంచెం రద్దీగా ఉంది" అని చెప్పి, ఇయర్‌ఫోను తీసి జాకెట్లో దోపుకుంది.

రద్దీ ఏమిటో చెప్పుకోవాలి. కొత్త రౌటరు కొన్న ఆదివారం ఆమె భర్త పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా దాని ముందు కూర్చుని, ఇంట్లోవాళ్ళకి నెట్ ఏ వరసలో అందాలో ఏర్పాటు చేశాడు. ఒకటో నంబరు ఆయన లాప్‌టాపు, దానికి ఆయన పెట్టిన పేరు 'నేను'. రెండోది 'పాప'. మూడోది 'అమ్మ టీవీ'. అట్టడుగున 'వంటిల్లు'. పైవాళ్ళందరికీ కడుపు నిండాక మిగిలింది వంటింటికి దిగుతుంది. ఆ ఇంట్లో భోజనాలు ఏ వరసలో జరుగుతాయో, నెట్ కూడా అచ్చంగా ఆ వరసలోనే జరిగేది కాబట్టి ఆమెకది వింతగా అనిపించలేదు. అలా అనిపించకపోవడమే వింత అని చాలా తర్వాత గానీ తట్టలేదు.

ఆమె నాన్న కుట్టు మిషన్ల మెకానిక్. మిషను విప్పే ముందు స్క్రూడ్రైవరు కొసని మిషను ఒంటికి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. "విప్పడం ఎవడైనా విప్పుతాడే, వినడం నేర్చుకో" అంటూ అదే పిడిని తన చెవికీ పెట్టేవాడు. షటిలు అరిగితే ఒక గొంతు, బెల్టు సాగితే ఇంకో గొంతు, బట్టని ముందుకి తోసే పళ్ళ సందుల్లో నూలు పేరుకుపోతే గొంతు పట్టేసిన మనిషిలాగా ఒక గురగుర. పదేళ్ళొచ్చేసరికి ఆమె వీధిలో నడుస్తూ ఎవరింటి మిషనుకి ఏం జబ్బో చెప్పేసేది. పెళ్ళయ్యాక ఆ చెవితో కుక్కరు కూతలు లెక్కపెట్టింది, ఆయన స్కూటరు మలుపు తిరగడం విని కాఫీ పెట్టింది, అత్తగారి దగ్గు పొడిదో తడిదో చెప్పింది. చెవి ఊరికే పోలేదు, పనిచేస్తూనే ఉంది. దాన్ని పని అని మాత్రం ఎవరూ అనలేదు.

రెండేళ్ళ కిందట, ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళ గ్రూపొకదాంట్లో ఒకావిడ "నా మిషను ఇలా మోగుతోంది, ఎవరికైనా తెలుసా" అని నిమిషం పాటు చప్పుడు పెట్టింది. ఆవిడది నీలం రంగు మిషను. ఈమె కూరగాయలు తరుగుతూ విని, "బాబిన్ కేసు కింద దారం ముక్క ఇరుక్కుంది, తీసేయ్" అని రాసింది. తీసేసింది, బాగైంది. ఇక చూస్కోండి. ఒకరికి ఇద్దరు, ఇద్దరికి ఇరవై. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఫోను మిషను పక్కన పెట్టి, పాతగుడ్డ ఒకటి కుట్టి వినిపించడం, ఈమె అంట్లు తోముతూ, పప్పు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ వినడం. పేరు కూడా వాళ్ళే పెట్టారు. చెవక్క. "చెవక్కా, ఒక్కసారి వినవా?" అని రోజుకి ఎంతమంది పిలిచేవాళ్ళో. ప్రతిఫలం ఒకటే. మిషను బాగయ్యాక చిన్న గుడ్డముక్క మీద ఒక వరస కుట్టు వేసి పోస్టులో పంపాలి. ఆ ముక్కలన్నీ కలిపి కుట్టి ఆమె ఒక ముసుగు తయారుచేసింది. ఆ ముసుగు కింద ఉన్నదే అసలు సంగతి.

అది ఆయన పారేసిన పాత కంప్యూటరు. కూతురు దాన్ని బాగుచేసి వంటింట్లో పిండి డబ్బాల పై అరలో పెట్టి, వచ్చిన చప్పుళ్ళన్నీ జబ్బుల పేర్లతో సహా అందులో దాచే ఏర్పాటు చేసింది. ఎవరైనా తమ ఇంట్లోంచే అది తెరిచి, తమ మిషను చప్పుడుతో పోల్చి చూసుకోవచ్చు. చెవక్క నిద్రపోయినా ఆమె చెవి మేలుకునే ఉంటుందన్నమాట. పచ్చటి చిన్న దీపం వెలుగుతూ అది ఏడాదికి పైగా అక్కడే ఉంది. ఆయన రోజూ ఆ గుమ్మంలోకి వచ్చి గ్లాసు అందుకుని వెళ్తూనే ఉన్నాడు.

ఆ నోటీసు తలుపు కింద నుంచి వచ్చింది. పైన పేరు లేదు, కనెక్షన్ నంబరు మాత్రమే ఉంది. ఆయన విప్పి, గొంతు సవరించుకుని, హాల్లో నిలబడి పైకి చదివాడు.

"మీ కనెక్షన్ గృహ వినియోగం నిమిత్తం ఇవ్వబడినది. గత మూడు నెలలుగా మీ వినియోగం ఇంటి వాడకానికి మించి ఉన్నదనియు, మీ ఇంటియందు నిరంతరాయముగా పని జరుగుచున్నదనియు మా పరిశీలనలో తేలినది. అందుచే మీ వేగమును పరిమితం చేయడమైనది. పది రోజులలోగా హామీ పత్రం సమర్పించనిచో కనెక్షన్ పూర్తిగా నిలిపివేయబడును."

ఇలాంటి కాగితం చదివిన మనిషికి కోపం రావాలి. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "చూశావా? నిరంతరాయముగా పని జరుగుచున్నదట. మా మేనేజరుకి కనిపించదు గానీ, నెట్ కంపెనీవాడికి కనిపించింది!" ఆ కాగితాన్ని ఫొటో తీసి ఆఫీసు స్నేహితులందరికీ పంపాడు. అత్తగారైతే టీవీ కట్టేసి మరీ చెల్లెలికి ఫోను చేసింది. "మావాడు చేసే పనికి ఆ తీగ సరిపోవట్లేదటే! కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు!" సాయంత్రానికి ఆ మెట్ల మీద ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ అందరికీ తెలిసింది, మూడో అంతస్తులో ఎంత కష్టజీవి ఉన్నాడో.

ఆమె మర్నాడు బల్ల తుడుస్తూ ఆ కాగితం తీసి నిలబడి చదువుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. మీ ఇంటిలోనికి వచ్చు సమాచారం కంటే మీ ఇంటినుండి బయటకు వెళ్ళు సమాచారం అధికముగా ఉన్నది. గుండె ఒక్క కుట్టు దాటేసింది. బయటకు వెళ్ళేది... తనది కాదు కదా? ఛ, తనదెందుకవుతుంది. అది నేనేనేమో అనుకోవడానికి కూడా ఆమెకి సిగ్గేసింది. ఆయన అంత మురిసిపోతుంటే మధ్యలో నేనంటూ దూరడం బాగుండదనిపించింది. కాగితం మడిచి, ఎక్కడుందో అక్కడే పెట్టేసింది.

వేగం తగ్గించడం అంటే ఏమిటో ఆ వారమంతా తెలిసొచ్చింది. ఆయన మీటింగుల్లో నోరు తెరిచిన భంగిమలో బొమ్మలా ఆగిపోయేవాడు. అత్తగారి సీరియల్లో కోడలు చెంపదెబ్బ తినడానికి పావుగంట పట్టేది. వాళ్ళ అవస్థ చూసి నవ్వుకుంది గానీ, తన అవస్థకి నవ్వు రాలేదు. నీలం మిషనావిడ మళ్ళీ వచ్చింది. అయిదో కుట్టు దాటేస్తున్నది ఆవిడ మిషనే. బడి తెరిచే రోజుకి ఒక బడి మొత్తానికి యూనిఫాంలు ఒప్పుకుంది, నాలుగు రోజులే ఉంది. "అక్కా, వినపడుతోందా? అక్కా?" చప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తోంది. ట... క... ట. అందులో మిషను దాటేసిన కుట్టేదో, నెట్ మింగేసిన కుట్టేదో పోల్చుకోవడం ఆ దేవుడి తరం కూడా కాదు. మూడుసార్లు ప్రయత్నించి ఊరుకుంది. తన పేరే చెవి. ఆ చెవిని ఎవరో వచ్చి మూసేశారు. ఆ మధ్యాహ్నం స్టవ్ కట్టేసి, పీట మీద కూర్చుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని గ్రూపులో రాసింది. "మా ఇంట్లో పని జరుగుతోందని మా లైను బిగించేశారు. పూర్తిగా కోసేస్తారేమో. నేను పలక్కపోతే ఏమీ అనుకోకండి. పెట్టెలో ఉన్న చప్పుళ్ళు ఇప్పుడే దాచేసుకోండి."

ఆయన ఫిర్యాదు మీద నాలుగో రోజు పొద్దున కంపెనీ నుంచి టెక్నీషియన్ వచ్చింది. తల మీద టోపీ, నడుముకి తాళ్ళూ పనిముట్లూ వేలాడే బెల్టు, నలభై దాటిన మనిషి. ఆయన ఎదురెళ్ళి తన గది చూపించాడు. "ఇదేనమ్మా నా పని గది. ఇక్కడ్నుంచే అంతా. చెప్పండి, నేను ఏం తగ్గించుకోవాలి?"

ఆవిడ చేతిలో పలకలాంటి యంత్రం చూస్తూ, "మీరేం తగ్గించుకోనక్కర్లేదు సార్. మీది మామూలే" అంది.

"మామూలా?"

"మీ పేరు 'నేను' కదా? చాలా తక్కువ సార్. ఇంటివాడకంలో కూడా తక్కువే. ఆ టీవీ మీకంటే ఎక్కువ లాగుతోంది."

అత్తగారు రిమోటు కొంగులో దాచుకుంది.

"మరి నోటీసు?"

ఆవిడ యంత్రం పట్టుకుని, వాసన పసిగడుతున్నట్టు హాలు దాటి, నడవా దాటి, వంటింటి గుమ్మంలో ఆగింది. "ఇదిగో సార్. 'వంటిల్లు'. రాత్రీ పగలూ నడుస్తోంది. పనంతా ఇక్కడే జరుగుతోంది."

ఆయన గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు. స్టవ్ మీద పాలు, గట్టు మీద సగం తరిగిన బీన్సు, పక్కన ఆమె. గాలి తీసేసిన బంతిలా నిలబడి అడిగాడు. "వంటింట్లో ఏం పని ఉంటుంది?"

అడిగింది అమాయకంగానే. పాలు పొంగాయి. ఆమె స్టవ్ తగ్గించి, చెయ్యి తుడుచుకుని, పై అరలో గుడ్డముక్కల ముసుగు ఎత్తింది. పచ్చదీపం కనపడింది.

"ఇదా! ఇది నీళ్ళ ఫిల్టరు కదూ?"

"నీళ్ళ ఫిల్టరు సింకు పక్కన ఉందండీ. మీరు రోజూ తాగే నీళ్ళు అందులోవే."

టెక్నీషియన్ నవ్వాపుకోడానికి టోపీ సర్దుకుంది. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. కోపమా అంటే పూర్తిగా కోపమూ కాదు, పెళ్ళిపీటల మీంచి దింపేసిన మనిషి మొహం. "పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తున్నాను. నా మీద ఒక్క నోటీసూ రాలేదు. నీ కాలక్షేపానికి నోటీసా?" అన్నాడు. కాస్త ఆగి, ఉపాయం దొరికినట్టు, "సరేలే, దానిదేముంది. ఆ డబ్బా తీసేయ్. హామీ పత్రం మీద నేను సంతకం పెట్టేస్తాను" అని చెయ్యి చాచాడు.

"మీరు పెడితే చెల్లదు సార్" అంది టెక్నీషియన్. "కనెక్షన్ మేడమ్ పేరు మీద ఉంది."

అవును. ఆయన మర్చిపోయాడు, ఆమె మర్చిపోలేదు. కనెక్షన్ తీసుకున్న రోజు ఆయనకి తీరిక లేక తనని పంపాడు. పాపని చంకనేసుకుని మూడు గంటలు వరసలో నిలబడితే, కౌంటరులో మనిషి "వరసలో ఎవరున్నారో వాళ్ళ పేరే రాస్తాం" అన్నాడు. ఇన్నేళ్ళకి ఆ మూడు గంటల నిలబాటు పనికొచ్చింది.

టెక్నీషియన్ ఇచ్చి వెళ్ళిన హామీ పత్రం చిన్నది. 'గృహ అవసరాలకు మించి మా ఇంట్లో ఏ పనీ జరగడం లేదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.' కింద సంతకానికి గీత. అందరూ వెళ్ళిపోయాక దాన్ని గట్టు మీద పెట్టుకుని ఆమె బీన్సు తరగడం పూర్తిచేసింది. పెట్టేస్తే ఏం పోయింది? పూర్తి వేగం వస్తుంది, నీలం మిషనావిడ చప్పుడు వినపడుతుంది, పెట్టెని ఇంకెక్కడైనా దాచుకోవచ్చు. ఒక్క సంతకం. కానీ ఆ వాక్యం ఆమెకి కొత్తది కాదు. జనాభా లెక్కలకొచ్చిన అమ్మాయి "మేడమ్ ఏం చేస్తారు?" అనడిగితే ఆయన "ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. అప్పుడు తను ఆ అమ్మాయికిచ్చే కాఫీలో చక్కెర కలుపుతోంది. పాప బడి దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట ఆయన అడ్డంగా గీత గీశాడు. "మీ కోడలేం చేస్తుంది?" అంటే అత్తగారు "దానికేం, హాయిగా కూర్చుంటుంది" అంది. కూర్చోవడం! ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక కుర్చీ కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరో ఒకరు తన తరఫున చెప్పారు, తను నోరు మూసుకుంది, అంతే. ఇప్పుడు మొదటిసారి అదే మాట తన చేత్తో తనే రాసివ్వాలి. పైగా, ఈ ఇంట్లో పని జరుగుతోందని ఇన్నేళ్ళకి ఒకళ్ళు కాగితం మీద అచ్చేసి మరీ చెప్పిన వారంలోనే! ఆ సంగతి తట్టగానే ఆమెకి నవ్వొచ్చింది. మొగుడికి తెలీలేదు, అత్తకి తెలీలేదు. తీగ మీద లెక్కలు చూసుకునే కంపెనీకి తెలిసింది. ఆ నోటీసుని పటం కట్టించి గోడకి తగిలించుకోవాలనిపించింది. తిట్టే కాగితమైతేనేం, తనని గుర్తించిన మొదటి కాగితం అదే.

వెనక ఎప్పుడొచ్చిందో అత్తగారు నిలబడి ఉంది. ముసుగులోని గుడ్డముక్కల మీద కుట్లు వేలితో తడుముతోంది. "ముప్పై ఏళ్ళు కుట్టానే నేను. వీడి పొత్తిగుడ్డల దగ్గర్నుంచి ఆడపడుచుల పెళ్ళి బట్టల దాకా. నా మిషను ఇంకా అటక మీదే ఉంది." మొహం చిన్నబుచ్చుకుని అడిగింది. "నా కాలంలో ఈ కంపెనీవాళ్ళు ఎందుకు రాలేదే?"

మర్నాడు ఉదయం ఆమె వంట తొందరగా ముగించి, నోటీసునీ హామీ పత్రాన్నీ సంచిలో పెట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. లోపల అద్దాల గదిలో ఒక పెద్దాయన. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, దాని కోసం బల్ల మీద వెతుక్కుంటున్నాడు. ఆమె చూపించాక దించి పెట్టుకున్నాడు. ఆ మర్యాదకి కూర్చోమన్నాడు.

"సంతకం పెట్టేస్తే అయిపోయేదానికి ఇంత దూరం ఎందుకు వచ్చారమ్మా?"

"పెట్టనని చెప్పడానికి వచ్చానండీ. మా ఇంట్లో పని జరుగుతోంది."

ఆయన మంచివాడే. ఓపిగ్గా చెప్పాడు. "చూడమ్మా, మీ వీధి మొత్తానికి తీగ ఒకటే. ఒకిల్లు ఎక్కువ తోస్తే పక్కిళ్ళకి తగ్గుతుంది. అందుకే ఇళ్ళకి హద్దు పెట్టాం."

"హద్దు దాటానా? మీరు ఎంత అమ్మారో అంతకంటే ఎక్కువ వాడానా?"

ఆయన కాగితం చూశాడు. "ఎక్కువని కాదు. ఇందులో 'అమ్మ టీవీ' అని ఉంది చూశారా, మీ అమ్మగారిలాగా..."

"మా అత్తగారు."

"మీ అత్తగారిలాగా చూసుకుంటే ఎంత చూసుకున్నా తప్పులేదు. అది తీసుకోవడం. మీది ఇవ్వడం. ఇంటి కనెక్షన్ తీసుకోడానికమ్మా, ఇవ్వడానికి కాదు. ఇళ్ళు తీసుకుంటాయి, అంతే. రూలు రాసినవాళ్ళ లెక్క అది."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామని చూసింది, వల్ల కాలేదు. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఆ రాసినాయన్ని ఒక్కపూట మా ఇంటికి పంపండి. మా ఇంట్లో నిజంగానే అందరూ తీసుకుంటారండీ. ఇచ్చేదాన్ని నేనొక్కదాన్ని ఉన్నాను. మీరు నన్ను పట్టుకున్నారు." కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళవాళ్ళు వచ్చి, ఈ నీళ్ళతో ఎవరి బట్టలు ఉతుకుతున్నావని అడగరు కదా. మీరెందుకు అడగాలి? నేను కొన్నంత నాకివ్వండి. దాంతో సినిమా చూస్తానో, మిషన్లు వింటానో నా ఇష్టం."

"మిషన్లు" అనగానే ఆయన ఉలిక్కిపడ్డాడు. "మీరేనా!" అని కంప్యూటరు ఆమెవైపు తిప్పాడు. "నిన్నట్నుంచీ నా ప్రాణాలు తోడేస్తున్నారు. మా ఖాతాదారులేనట, అందరూ ఇళ్ళల్లోంచే. అరవై పైన ఉత్తరాలు. ప్రతిదాంట్లో ఒకటే మాట, 'మా ఇంట్లోనూ పని జరుగుతోంది, మాకూ నోటీసు పంపండి' అని. కింద ఇదిగో, ఈ చప్పుడు." ఒకటి నొక్కాడు.

టకటకటకటక. ఆఫీసంతా మిషను చప్పుడు నిండింది. ఫైళ్ళల్లో ఉన్న తలలన్నీ లేచాయి. ఆమెకి ఒళ్ళు పులకరించింది. ఇది గ్రూపులో అందరూ ఎర్రగేటు టీచరని పిలిచే ఆవిడది. "నూనె వెయ్యమని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను, వెయ్యదు" అంది. ఆయన ఇంకోటి నొక్కాడు. "బెల్టు సాగింది." ఇంకోటి. "దీనికేం లేదు, గుండ్రాయిలా ఉంది. ఊరికే నాకోసం పంపింది." చుట్టూ మనుషులు పోగయ్యారు. పరీక్ష పెడుతున్నట్టు ఎవరో "ఇదీ, ఇదీ" అంటూ నొక్కించారు. ఉన్నట్టుండి వచ్చిందా చప్పుడు. టకటకటకటక, టుక్.

"ఆగండి" అంది. "ఇంకొంచెం గట్టిగా పెట్టండి."

ఆఫీసు లైను కదా, ఏ హద్దూ లేదు, ఒక్క కుట్టూ పోకుండా వస్తోంది. ఆమె కళ్ళు మూసుకుంది. సూది కిందకి దిగడం, షటిలు తిరగడం, దారాన్ని అందుకోబోయి వెంట్రుకవాసిలో తప్పిపోవడం. దొరికింది. ఫోను తీసి అక్కడికక్కడే చేసింది. "నీలమ్మా, సూది మార్చావా ఈమధ్య? పూర్తిగా పైకి తొయ్యకుండా బిగించావు. విప్పి, తగిలేదాకా తోసి, మళ్ళీ బిగించు. నేను ఆగుతాను." అందరూ ఆగారు. కళ్ళజోడాయన గడియారం కూడా చూసుకోలేదు. అవతల ఏదో కదిలింది, మరమేకు తిరిగింది, మిషను నడిచింది. టకటకటకటకటకటక. నిమిషం పాటు ఒక్క కుట్టు దాటలేదు. "అక్కా!" అని ఫోనులోంచి వచ్చిన కేక ఆఫీసంతా విన్నది. ఎవరో చప్పట్లు కొట్టారు.

కళ్ళజోడాయన సొరుగు లాగి ఇంకో ఫారం తీశాడు. "ఇది అభ్యంతర పత్రం. దీన్ని ఎవరూ అడగరు కాబట్టి మేమూ ఇవ్వం. ఇది ఇచ్చారంటే, పైవాళ్ళు తేల్చేదాకా మీ వేగం తగ్గించే హక్కు మాకు లేదు. వాళ్ళు ఏం తేలుస్తారో నేను చెప్పలేను గానీ..." తెర మీది ఉత్తరాల వరస చూశాడు. "ఇంతమంది ఇస్తే తేల్చక తప్పదు."

ఆమె పెన్ను తీసుకుంది. ఫారంలో 'వినియోగదారు వృత్తి' అని ఒక గడి ఉంది. ఎన్నో గడుల్లో గీత పడ్డ చోటు. తొందరపడకుండా రాసింది. కుట్టు మిషన్ల మెకానిక్. పనిచేయు స్థలం, ఇల్లు. నోటీసుని వెనక్కి అడిగారు. అది మాత్రం ఇవ్వనంది.

ఇంటికొచ్చేసరికి హాలు మధ్యలో అత్తగారి మిషను ఉంది. దాని పక్కన నెత్తి నిండా బూజుతో ఆయన. "అమ్మ దింపమంది" అన్నాడు నేరం చేసినవాడిలా. "అటక మీద అంత బరువు ఉందని నాకు తెలీదు." ఆమె మొహం చూశాడు. "పెట్టలేదా సంతకం?"

"పెట్టాను. వేరేదాని మీద."

ఆయన నెత్తి మీది బూజు దులుపుకుంటూ, "అది వింటే తెలిసిపోతుందా నీకు? నిజంగా?" అన్నాడు. అత్తగారు అప్పటికే మిషను ముందు కూర్చుని తొక్కుతోంది. ఏళ్ళ తరబడి నిద్రలో ఉన్న చక్రం కీచుమంది. ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి, కొసని మిషనుకి ఆనించి, పిడిని ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

సాయంత్రం కూతురు పక్కన నిలబడగా రౌటరు తెరిచింది. కనెక్షన్ యజమాని కదా, మార్చే అధికారం తనదే. వరసలు తీసేసి అందరికీ సమానంగా పెట్టింది. 'వంటిల్లు' అన్నచోట 'నేను' అని రాసుకుంది. ఆయనది ఏం రాయాలా అని ఆలోచించి 'ఆయన' అని రాసింది.

మర్నాడు పదిన్నరకి వంటింట్లో గట్టు పక్కన, భోజనాల బల్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో దుప్పటి లేదు, చేతిలో కత్తి లేదు. గోడ మీద పటంలో నోటీసు. చెవిలో ఒక కొత్తావిడ మిషను, పళ్ళ సందున నూలు. ముందు గదిలోంచి అలవాటు కొద్దీ కేక వచ్చింది.

"ఎవరక్కడ నెట్ వాడుతున్నది?"

"నేను!" అంది, ఇయర్‌ఫోను తియ్యకుండానే. "పనిలో ఉన్నాను."

కాసేపటికి, ముందు గది తలుపు చప్పుడు కాకుండా మెల్లిగా మూసుకోవడం ఆ చెవికి వినపడింది.